పూతలో పోయేవి

హొరమావు అవతల ముప్పై-నలభై సైటు.
కింద తమ్ముడికి, పైన నాకు.
మధ్యలో మెట్లు ఇద్దరివీ.

టైర్ల కంపెనీలో పద్దులు రాసే చెయ్యి కదా,
ఇంటికీ ఒక పొడుగు పుస్తకం పెట్టాను.
ఎడమ పేజీలో అయినవి,
కుడి పేజీలో అవ్వాల్సినట్టు అవ్వనివి.
ఎడమవైపు నెలకో పేజీ తిరుగుతుంది.
కుడివైపు కాగితాలు అతికించాల్సి వస్తోంది.

జనవరి పదకొండు. మూడో పిల్లరు పాదం దగ్గర
కాంక్రీటు తేనెపట్టులా బోలుగా ఉంది.
వేలు పెడితే లోపల కమ్మి తగిలింది, చల్లగా.
"పూతలో పోతాదిలేక్కా"
అన్నాడు హనుమంతరాయప్ప మేస్త్రి
మడకశిర యాసలో, బీడీని చెవి మీదికి మారుస్తూ.

ఏప్రిల్ రెండు. వంటింటి కిటికీ అంగుళం పక్కకి జరిగింది.
పూతలో పోతాది.

అమ్మ నగలు పంచుకున్న సాయంత్రం నుంచీ
మా ఇద్దరి మాటలూ బిల్లులకే సరిపోతున్నాయి.
సిమెంటు ఎన్ని బస్తాలు, ట్యాంకరు వచ్చిందా,
రశీదు వాట్సాప్‌లో పెట్టు.
ఒక్క జత దిద్దులు. అవీ రాళ్లు ఊడినవి.
ఏదో పూతలో పోయిందిలే అనుకున్నాం.

మే నెలలో, మట్టం చూడాల్సిన పొద్దున
కూలీలు ఇద్దరు రాలేదు.
మేస్త్రి నీళ్ల గొట్టం ఒక కొస నాకిచ్చాడు,
ఇంకో కొస తమ్ముడికి.
"కదలగూడదు ఇద్దరూ."
హాల్లో ఆ మూల వాడు, ఈ మూల నేను,
మధ్యలో ఇరవై అడుగుల నీళ్లు.
ఊగి ఊగి నిలబడ్డాయి.
గీత గీస్తే నా వైపు ముప్పాతిక అంగుళం ఎక్కువ.
మళ్లీ చూస్తే వాడి వైపు.
మేస్త్రి గొట్టం పొడుగునా వేళ్లతో తడుముకుంటూ వెళ్లి
ఒకచోట ఆగాడు.
"ఇదో, బుడగ.
గాలుంటే నీళ్లు గూడా అబద్ధం చెప్తాయి."
గోటితో టకటకా కొట్టాడు.
అది పాకుతూ, ఆగుతూ,
తమ్ముడి కొస నుంచి ఎప్పుడు పోయిందో
నేను చూడలేదు.
వాడి జుట్టు చూస్తున్నాను.
ఎప్పుడు నెరిసింది అంత?

ఇది ఏ పేజీలో రాయాలో తెలియక రాయలేదు.

ఆగస్టు. బాత్రూంలో చెంబెడు నీళ్లు పోశాను.
జాలీ వైపు పోకుండా
గడప దాటొచ్చి నా చెప్పులు తడిపాయి.
దీనికి మేస్త్రి ఏమీ అనలేదు.
నీళ్లకేసి, అవి తనకు బాకీ ఉన్నట్టు, చూశాడు.

అక్టోబరు వానలకి మూడో పిల్లరు మీద
అరచేతంత తడి మరక.
సరిగ్గా అక్కడే.
పూత మొత్తం కొట్టించి, బోలంతా నింపించి,
మళ్లీ పూయించాం. పదకొండు వేలు.

ఇక మెట్లు. పద్దెనిమిదిలో తొమ్మిదోది
మిగతావాటికన్నా అర అంగుళం ఎత్తు.
టేపు చెప్పకముందే కాళ్లు చెప్పాయి.
ఇసుక బాణలి మోసే గంగరత్న అక్కడ తూలింది,
గ్రానైట్ షాపతను తూలాడు,
నేను రెండుసార్లు.
రాద్దామని పుస్తకం తెరిస్తే
కుడి పేజీలో అప్పటికే రాసి ఉంది.
నా అక్షరాలు కావు.
తలకట్లు విసిరేసినట్టుండే రాత,
ఒకప్పుడు నా పలక దొంగిలించి రాసిన చెయ్యి.

"తొమ్మిదో మెట్టు. ఆ రోజు చూడాల్సింది నేను. చూడలేదు.
పగలగొడితే ఖర్చు నాది."

కింద, ఇంకు మారి,
"దిద్దులు కూడా ఇందులోనే రాయాలా?"

సిమెంటు బస్తా మీద చాలాసేపు కూర్చున్నాను.
'ఎవరు సరిచేయాలి' గడిలో
ఇద్దరి పేర్లూ రాశాను.
తేదీ గడి ఖాళీగా వదిలేశాను.

కింద ట్యాంకరు హారన్ కొడుతోంది.
తొమ్మిదో మెట్టు గుర్తుపెట్టుకునే దిగాను.
అయినా తూలాను.